తూచిన గాలి

ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా, పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన బుల్లి ఫ్యాను, దుమ్మును పసిగట్టే చిన్న సెన్సారు. చేతిలో ఉన్న ఈ మూడింటితోనే మిర్చి వ్యాపారి రంగనాయకులు గుంటూరులోని ఒక మసాలాల పరీక్షా ల్యాబులో గాలిని వరుసలో నిలబెట్టాడు.

ఆ ల్యాబులో అతని కూతురు హేమ కారాల ఘాటు పరీక్షిస్తుంది. ఆర్నెల్లుగా ఒకటే దగ్గు. గాలి నాణ్యత చూసే యంత్రం కొనమంటే ల్యాబు పెద్ద సులోచన గారు, "దగ్గుకి మా బడ్జెట్టులో పద్దు లేదండీ," అన్నారు. బేరం కుదరనిచోట సరుకు తనే తయారు చేసుకోవడం రంగనాయకులికి అలవాటు.

తప్పు ఒక్కటే జరిగింది. స్విచ్చి వేసేముందు, రోజూ యార్డులో కాటాకి మొక్కినట్టే డబ్బాకీ మొక్కి, నోటికి అలవాటైన మాట అనేశాడు: "తూచనిదేదీ గడప దాటకూడదు తల్లీ."

గాలి ఆ మాట విన్నది.

అప్పట్నుంచి డబ్బాలో దూరి పచ్చదీపం వెలిగించిన గాలే మనుషుల ముక్కుల్లోకి పోతోంది. మిగతాది కిటికీనుంచి గుమ్మందాకా, ఆరేసిన నీలిచీరలా, తోసుకోకుండా నిలబడింది. అంత బుద్ధిగా నిలబడ్డ సరుకుని రంగనాయకులు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చేతులు జోడించాడు.

హేమ పీల్చింది. దగ్గు రాలేదు.

"వాన వెలిసినట్టుంది నాన్నా," అంది.

ఎర్రదీపం పడ్డ గాలి తలొంచుకుని వీధిలోకి పోయింది. వీధి ల్యాబు పరిధిలోకి రాదు గనక ఎవరూ పట్టించుకోలేదు. సిబ్బందికి ఊపిరి టోకెన్లు ఇచ్చారు. కబుర్లు ఎక్కువ చెప్పేవాళ్ళకి రెండేసి.

"మీ డబ్బా మరీ నిదానమండీ," అన్నారు సులోచన గారు, ఆయాసపడుతూ.

"కాటాని తొందరపెడితే తూకం తప్పుతుందమ్మా."

సాయంత్రం ల్యాబునుంచి ఊపిరి బిగబట్టుకుని వచ్చిన హేమ, ఇంటి గుమ్మంలో ఆగిపోయింది. మొహం నల్లబడుతోంది. "ఇక్కడిది తూచలేదుగా," అంది సైగతో. రంగనాయకులు స్కూటర్లోంచి రెండో డబ్బా తెచ్చి పెట్టాడు. వెనకే, ఎర్రదీపం గాలికి దగ్గుతూ, వీధి వీధంతా వచ్చి నిలబడింది.

"శెట్టిగారూ, పిల్లలున్న ఇల్లు. ముందు మాకియ్యండి."

"వరుసలో రండి. గాలే వస్తోంది, మీకేం?"

నెల తిరిగేసరికి ప్రతి ఇంటా డబ్బా. రంగనాయకులు కూచుని లెక్క చూసుకున్నాడు. కూతురి దగ్గు పోయింది. ఊపిరి ఉంది, కాకపోతే ఇదివరకు ఊరికే వచ్చేది. ఇప్పుడు పీల్చేముందు ప్రతిసారీ హేమ తనవంక చూస్తుంది, తను తలాడించేదాకా ఆగుతుంది.

అదీ లాభంలోనే వేసుకున్నాడు.