గురప్ప వచ్చే సీను

పన్నెండేళ్ళ కిందట పెద్దకూతురు పెండ్లిలో సీనప్ప తన బావమరిదిని భోజనానికి పిలిచాడా లేదా అన్న సంగతి తేల్చడానికి, బ్యాటరీతో నడిచే పోర్టబుల్ డీవీడీ ప్లేయరు ఒకటి కొనాలని బాగేపల్లి తాలూకా పరగోడు గ్రామ పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం కాగానే కాఫీలు వచ్చాయి. కాఫీలు కలిపింది సీనప్ప భార్య చౌడమ్మ. అలిగినవాడు ఆమె తమ్ముడే కాబట్టి ఆమెను అభిప్రాయం అడగడం న్యాయం కాదని పెద్దలు భావించారు.

తమ్ముడి పేరు గురప్ప, ఉండేది గూళూరు. పెద్దకూతురి పేరు ప్రేమ. ఆమె పెండ్లిలో మేనమామ హోదాలో పెండ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మంటపానికి తెచ్చింది అతనే. ఆ తర్వాత సాయంత్రందాకా సాంబారు బకెట్టు మోశాడు. నువ్వు తిన్నావా అని ఒక్కరూ అడగలేదని ఖాళీ కడుపుతో బస్సెక్కాడు. మళ్ళీ పరగోడు గడప తొక్కలేదు. సీనప్ప మాత్రం భుజం మీద చెయ్యేసి పంక్తికి పిలిచానని ఇప్పటికీ చెబుతాడు.

ఇప్పుడు చిన్నకూతురు మేఘ పెండ్లి కుదిరింది. మేనమామ లేకుండా పిల్లను మంటపానికి ఎవరు తెస్తారని చౌడమ్మ బెంగ. అంతకన్నా పెద్ద బెంగ, తమ్ముడి మొహం చూసి పన్నెండేళ్ళయిందని. ఆమె మూడు పూటలా ఒకటే మాట అనేది.

"గూళూరికి పోయి, రాప్పా గురప్పా అంటే అయిపోతాది."

ఇంత పెద్ద సమస్యకు ఇంత చవక పరిష్కారం ఉండడం ఊరి పరువుకే తక్కువ గనక ఎవరూ పట్టించుకోలేదు.

సాక్ష్యం సిద్ధంగా ఉంది. ప్రేమ పెండ్లి వీడియో, మూడు గంటలది, బీరువాలో పట్టుచీరల మడతల్లో డీవీడీగా భద్రంగా ఉంది. చూపించే యంత్రమే లేదు. కొత్త టీవీకి డిస్కు పెట్టే చోటు లేదు. స్టూడియోలో ఇస్తే ఫోనులోకి ఎక్కించి ఇస్తారని మేఘ అంది. ఎక్కించేటప్పుడు సాక్ష్యం తారుమారు కావచ్చని రిటైర్డు మేష్ట్రు నరసింహయ్య అభ్యంతరం చెప్పారు. అదీగాక సీనప్ప ఇంటి టీవీలో చూస్తే సీనప్ప పక్షం, గురప్ప ఇంటి టీవీలో చూస్తే గురప్ప పక్షం అవుతుందట. ఎవరి గోడకూ తగిలించని, చేత్తో పట్టుకుపోగలిగిన యంత్రమొక్కటే నిష్పక్షపాతమైనదని ఆయన సెలవిచ్చారు.

ఎంపిక కార్యక్రమం నెల రోజులు నడిచింది. బాగేపల్లి అంగళ్ళలో లేదన్నారు. చిక్కబళ్ళాపురంలో కౌంటరు దగ్గరున్న అమ్మాయి, డీవీడీ అంటే ఏమిటి సార్ అని మర్యాదగానే అడిగింది. చివరికి చింతామణిలో శ్రీనివాసమూర్తి దొరికాడు. అమ్ముడుపోని సరుకును ఎన్నడూ చిన్నచూపు చూడని వర్తకుడు. అటక మీది నుంచి రెండు ప్లేయర్లు దించి దుమ్ము దులిపాడు. ఒకటి తొమ్మిదంగుళాల తెర, రెండోది ఏడంగుళాలు. మేష్ట్రు గంటసేపు పరీక్షించి చిన్నదాన్ని ఎంచారు. దాని తెర అటూ ఇటూ తిరుగుతుంది, కాబట్టి వాదికీ ప్రతివాదికీ సమానంగా చూపవచ్చు. చెవుల్లో పెట్టుకునే వైర్లకు రెండు రంధ్రాలున్నాయి. అంటే తయారుచేసినవాళ్ళు కూడా ఇలాంటి తగాదాలు మనసులో పెట్టుకునే చేశారన్నమాట. బొమ్మ ఎలా కనపడుతుందో చూద్దామని మాత్రం అటు మేష్ట్రుకు గానీ ఇటు వర్తకుడికి గానీ తోచలేదు.

యంత్రం ఊరు చేరాక పూజ చేశారు. టెంకాయ కొట్టారు. మూతకు మూడు విభూతి గీతలు, డిస్కుకు నాలుగు దిక్కులా పసుపు కుంకుమ పెట్టారు. లోపల డిస్కే లేదని యంత్రం తెర మీద రాసి చూపింది. చౌడమ్మ కొంగుతో పసుపు తుడిచి డిస్కును మళ్ళీ పెట్టింది. అప్పుడు ఆరు నిమిషాలు ఆడి ఆరిపోయింది. అటక మీద అన్నేళ్ళున్నాక బ్యాటరీకి మాత్రం వయసు రాదా. కారులో తగిలించే వైరు కూడా ఉండడంతో ట్రాక్టరును వాకిట్లోకి తెచ్చి దానికి కలిపారు. ఇక యంత్రాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, ట్రాక్టరు వెంట వస్తే.

ఆదివారం పొద్దున విచారణ మొదలైంది. ఏడంగుళాల తెర ముందు పద్నాలుగు తలలు చేరాయి. వీడియో తీసినవాళ్ళు మాటలన్నీ తీసేసి పొడుగునా సినిమా పాటలు పోశారు, కాబట్టి ఎవరి నోట ఏం వచ్చిందో తెలిసే దారి లేదు. అయినా ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూశారు. గురప్ప కోసమని కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తమను తాము వెతుక్కోసాగారు. సీనప్ప చిన్నమ్మ తాంబూలం అందుకునే చోట గులాబీ పువ్వొకటి తిరుగుతూ వచ్చి ఆమె మొహం కప్పేసింది. ఆమె అలిగి ఇంటికి పోయింది. మరో ఇద్దరు అసలు కనపడనే లేదు. వాళ్ళ అలక మరుసటి వారానికి వాయిదా పడింది.

చౌడమ్మకు ఓపిక తీరిపోయింది. ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి గూళూరు పోయింది. గడప దగ్గర నిలబడి, "రాప్పా గురప్పా" అంది. అతను చెప్పులు వేసుకున్నాడు. అంతే. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళు కాచుకున్నాడా అని ఆమెకు బస్సులో ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ పరగోడు వాకిట్లో నిలబడ్డారు. ఒక్క తలా తిరగలేదు. నడిమధ్యలో కూర్చున్న మేష్ట్రు తెర మీంచి చూపు ఎత్తకుండానే చేత్తో సైగ చేశారు.

"పక్కకు జరగప్పా, నీడ పడతాంది. గురప్ప వచ్చే సీను ఇదే."

గురప్ప జరిగాడు. ఆ తలల వెనకనుంచి కాసేపు తననే చూసుకున్నాడు, నల్లటి జుట్టుతో, చేతిలో బకెట్టుతో. చౌడమ్మ అతని చెయ్యి పట్టి వంటింట్లోకి తీసుకుపోయింది.

"తిన్నావా?"

"యాడక్కా," అన్నాడు అతను.

రెండు సంగటి ముద్దలు తిన్నాడు. పెండ్లికి వస్తానని చెప్పి, మళ్ళీ నీడ పడకుండా పెరటిదారిన వెళ్ళిపోయాడు.

వాకిట్లో సాక్ష్యం దొరికింది. గంటా నలభై ఏడో నిమిషంలో సీనప్ప గురప్ప భుజం మీద చెయ్యేసి ఏదో అన్నాడు. తినమన్నాడో, బకెట్టు ఇటు తెమ్మన్నాడో పాట మూలంగా తేలలేదు. కాబట్టి గురప్పను పిలిపించి విచారించాలని మేష్ట్రు తీర్పు చెప్పారు. అతను వచ్చినాడు, తినినాడు, పోయినాడు అని చౌడమ్మ చెప్పింది.

"వీడియో తీసినావామ్మా?" అన్నారు మేష్ట్రు.

ఆమె కడగని కంచం తెచ్చి చూపింది. కంచం ఎవరిదైనా కావచ్చునని ఆయన విచారం వ్యక్తం చేశారు.

మేఘ పెండ్లిలో అలాంటి లోపం జరగలేదు. గురప్ప పెండ్లికూతుర్ని బుట్టలో తెచ్చాడు. సీనప్ప మైకులో పిలిచి మొదటి పంక్తిలో కూర్చోబెట్టాడు. ముగ్గురు వీడియోవాళ్ళు, ఫోన్లు పట్టుకున్న బంధువులందరూ అతని ఆకు చుట్టూ నిలబడ్డారు. ప్రతి ముద్దా రికార్డయింది. వడ్డించేవాళ్ళకు సందు దొరకక రెండోసారి అన్నం రాలేదు. మీరూ ఆ పెండ్లికి వచ్చినారు కదా, మీ ఫోనులో చూడండి. గురప్ప చెయ్యి ఖాళీ ఆకు మీద ఆగి ఉంటుంది. అన్నం గిన్నెతో చౌడమ్మ జనాన్ని తోసుకుని వస్తూ ఉంటుంది. పక్కకు జరగమ్మా, నీడ పడతాంది అని ఎవరో అంటారు. మనిషి కనపడడు, మీ ఫోను వెనకే ఉన్నాడు కాబట్టి. గొంతు మాత్రం మీకు బాగా తెలిసిందే.