సత్రం అవ్వ మీద మూడు ఫిర్యాదులు

బుధవారం ఉదయం లైబ్రేరియన్‌కి ఒక మంచి ఆలోచన వచ్చింది. ఆయనకు మంచి ఆలోచనలన్నీ పళ్ళు తోముకునేటప్పుడే వస్తాయి. నోరు ఖాళీగా ఉండదు కాబట్టి వెంటనే ఎవరికీ చెప్పి చెడగొట్టుకోలేరు. శనివారం ఆట ఇంకా బాగుండాలంటే ఏం చేయాలో, ఆడేవాళ్ళనే అడగాలి. అదీ ఆలోచన.

ఆ ఆట ఆయన భార్య మొదలుపెట్టింది. శనివారం సాయంత్రం ఆరింటికి ఎవరి ఇళ్ళలో వాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని, తలో పాత్రలో దూరి, లేని రాజ్యంలో లేని తగాదాలు పడతారు. పక్క ఊళ్ళో ఉద్యోగం చేసే కూతురు మంత్రగత్తె. పళ్ళ డాక్టరమ్మ సేనాధిపతి. పక్క వీధిలో తాళాల కొట్టు నడిపే బావమరిది దొంగ. వారమంతా ఇతరుల కోసం తలుపులు తీసి, ఆ ఒక్కరోజు తన కోసం తీసుకుంటాడు. భార్య కథ నడుపుతూ, అందరూ వచ్చి దిగే సత్రంలో అవ్వగా ఉండేది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. మూడు వారాలు ఆట ఆగిపోయింది. నాలుగో శనివారం లైబ్రేరియన్ ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడలాగే ఆవిడ చెక్క గరిటెతో గిన్నె మీద రెండుసార్లు కొట్టి, "రండి నాయనా, కూర్చోండి" అన్నారు. దొంగ గొంతు సవరించుకుని, వచ్చి కూర్చున్నానన్నాడు. అప్పటినుంచి వారానికి రెండు గంటలు ఆ ఇంట్లో అవ్వ మాట వినిపిస్తోంది. ఈ మధ్యే ఆయనకో అనుమానం పట్టుకుంది. తన సంతోషం కోసం తక్కినవాళ్ళు ఓపిక పడుతున్నారేమో.

అందుకే మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని ఒక ఫారం తయారుచేశారు. పేరు రాయనక్కరలేదు. ఒకటే ప్రశ్న: "ఆటలో మీకు అడ్డుగా ఉన్నదేమిటి? ఏం చేయమంటారు?" దాన్ని ఆట గ్రూపులో పెట్టి, తృప్తిగా పుస్తకాలు సర్దుకోవడానికి లేచారు.

ఆ గ్రూపుకి భార్య పెట్టిన నియమం ఒకటుంది. అందులో ఏం రాసినా పాత్రగానే రాయాలి. సొంత మనిషిగా మాట్లాడాలంటే ముందు "గంట మోగింది" అని రాయాలి. లేకపోతే ఎవరింట్లో కరెంటు పోయినా, అది రాజ్యంలో పోయినట్టే లెక్క. లైబ్రేరియన్ ఆ రోజు గంట మోగించడం మరిచిపోయారు.

సాయంత్రానికి మూడు జవాబులు వచ్చాయి.

"ఆ సత్రం అవ్వ ఉన్నంతకాలం నా పని సాగదు. ఆవిడని సాగనంపండి."

"మాటలు ఎక్కువయ్యాయి. దీపాలు ఆర్పేసి, సత్రం మూసేయండి."

"ముసలామెకి ఇంక ఓపిక లేదు. ఆ గరిటె నాకు ఇప్పించండి."

ఇంకొకరైతే నవ్వుకునేవారే. కానీ ముప్పై ఏళ్ళుగా సలహాల పెట్టె తాళం తీస్తున్న మనిషి ఫిర్యాదుని ఫిర్యాదుగానే చదువుతారు. మూడుకి మూడూ అవ్వ మీదే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ చదివారు. అద్దాల తప్పేమీ లేదు.

ఏ ఫిర్యాదుకైనా ఒక్కరోజులో జవాబివ్వడం ఆయన అలవాటు. గురువారం ఉదయం గ్రూపులో రాశారు. ఈసారి నియమం గుర్తుంది. "గంట మోగింది. మీ అభిప్రాయాలు అందాయి. శనివారం అవ్వ అందరి దగ్గరా సెలవు తీసుకుంటుంది. దీపాలు ఆర్పేస్తాను. గరిటె కావలసినవారు ఇంటికి వచ్చి తీసుకోవచ్చు."

పది నిమిషాల్లో కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, అమ్మ గరిటె ఎందుకు ఇచ్చేస్తున్నావు?"

"అడిగారమ్మా."

"ఎవరు?"

"పేర్లు రాయక్కర్లేదని నేనే అన్నాను. చెప్పకూడదు, నాకూ తెలీదు."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. జనం మాట వినాలి కదమ్మా."

ఆ గొంతు కూతురికి నచ్చలేదు. మేనమామకి ఫోన్ చేసింది. "నాన్న ఎక్కడికో వెళ్ళిపోయేవాడిలా మాట్లాడుతున్నాడు మామయ్యా." అతను డాక్టరమ్మకి చేశాడు. "మీకేమైనా చెప్పాడా అమ్మా, బావ?" డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించి, "సోమవారం దవడపన్ను తీస్తానన్నాను. కానీ దానికి ఎవరూ సామాన్లు పంచిపెట్టరండీ" అంది.

శనివారం ఆరయింది. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. తెర మీద లైబ్రేరియన్ కనిపించాల్సిన గడిలో ఉత్త చీకటి. ఆయన ఇచ్చిన మాట ప్రకారం దీపాలన్నీ ఆర్పేసి, గరిటె పట్టుకుని, అవ్వ చివరి మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక కూర్చున్నారు. ఫోను, లైబ్రరీ అలవాటు కొద్దీ, మోగకుండా నోరు నొక్కేసి ఉంది.

"నాన్నా?" అంది కంప్యూటర్లోంచి కూతురి గొంతు. అవ్వగా పలకాలో, నాన్నగా పలకాలో ఆయన తేల్చుకోలేకపోయారు; ఫోన్ చేసినా వినిపించలేదు. బావమరిది గడి ఖాళీ అయింది. మూడు నిమిషాల తర్వాత వీధి తలుపు ఫెళ్ళున తెరుచుకుంది. ఊళ్ళో ఏ తాళమైనా చిన్న తీగతో తీయగలిగినవాడు, కంగారులో పనిముట్లు కొట్లోనే మరిచిపోయి, భుజంతో తోసేశాడు. గడియ విరిగి నేల మీద పడింది.

"బావా, బాగానే ఉన్నావా?"

"ఉన్నాను. దీపాలు ఆర్పమన్నారు కదా."

"ఎవరన్నారు?"

"నేనే అన్నయ్యగారూ," అంది డాక్టరమ్మ తెర మీద నుంచి, చిన్నగా. "శత్రువులు వస్తున్నారు, సత్రం కనబడకూడదని. సేనాధిపతిని కదా. మీరు గంట మోగించలేదు."

లైబ్రేరియన్ గరిటె దించారు. "మరి అవ్వని సాగనంపమన్నది?"

"దొంగవెధవని బావా," అన్నాడు బావమరిది భుజం రుద్దుకుంటూ. "ఆవిడ మెలకువగా ఉంటే పెట్టె ఎలా తీయను?"

"గరిటె మంత్రగత్తెకి కావాలి. నాకొద్దు నాన్నా," అంది కూతురు.

లైబ్రేరియన్ దీపం వేశారు. "గంట మోగింది. ఇప్పుడు మీ అంతట మీరు చెప్పండి. అవ్వ ఉండాలా, వద్దా?"

"ఉండాలి," అంది కూతురు. "కానీ ఒక మాటంటే ఏమీ అనుకోవుగా? అమ్మ అంత మెత్తగా ఎప్పుడు మాట్లాడింది? నీ అవ్వ అందరినీ నాయనా నాయనా అంటోంది."

"రెండేళ్ళయింది బావా, నన్ను ఎవరూ తిట్టి," అన్నాడు బావమరిది. "అక్క తిట్టకపోతే దొంగతనం చేసినట్టే ఉండట్లేదు."

"నన్నూ నాలుగు అనండి," అంది డాక్టరమ్మ. "నా కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా నాకు భయపడేవాళ్ళే. ఆవిడొక్కతే, కత్తి గుమ్మంలో పెట్టి రమ్మనేది."

నిజమే. మనిషి దూరమైన కొద్దీ ఆయన తెలియకుండానే ఆవిడకి మర్యాద నేర్పుతూ వచ్చారు. గరిటె ఎత్తి గిన్నె మీద గట్టిగా ఒక్కటి కొట్టారు.

"తాళాలు తీసేవాడివి, తలుపు విరగ్గొడతావట్రా? ఇన్నేళ్ళూ నేర్చుకుంది ఇదేనా? గుమ్మంలో కాళ్ళపట్టా ఎందుకు వేశాననుకున్నావు? పో, కాళ్ళు తుడుచుకుని రా."

తెర మీద కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావమరిది గుమ్మం దాకా వెళ్ళాడు. కాళ్ళు తుడుచుకోవడానికి అతనికి చాలాసేపే పట్టింది.

గడియ ఇప్పటికీ అలాగే ఉంది. బాగుచేయగలిగినవాడు ప్రతి శనివారం ఆ ఇంటికే వస్తున్నాడు గానీ, దొంగగా వస్తున్నాడు.