గ్రీజు పుట్టుపూర్వోత్తరాలు

రాష్ట్రంలో కన్నీటికి తగిన గౌరవం దక్కేదాకా తాను నిద్రపోనని మంత్రి విశ్వేశ్వర్‌గారు బెజవాడలో ప్రకటించి, ఆ సాయంత్రమే విచారణ సంఘం వేశారు. సంఘమంటే వెంకటకృష్ణారావు ఒక్కడే. సాంస్కృతిక శాఖలో అతనికంటే ఖాళీగా ఉన్నవాళ్లు దొరకలేదు.

సంగతేమిటంటే, మంత్రిగారు ఏ సభలోనైనా అమ్మ పోసిన గంజి దగ్గర మొదలుపెట్టి, చిరిగిన లాగూ మీదుగా వచ్చి, కండువాతో కళ్లు ఒత్తుకుంటారు. కాలవ పూడిక గురించి అడిగినా గంజే, కరెంటు కోత గురించి అడిగినా గంజే. ఈమధ్య ఆయన కండువా అందుకోగానే వెనక వరసల్లోంచి “గ్రీజు, గ్రీజు” అని వినబడుతోంది. హనుమాన్ జంక్షన్‌లో చంకలో బిడ్డ కూడా అన్నాడని పోలీసు రిపోర్టు.

“ఆ మాటకి అర్థమేంటో, పుట్టించిందెవరో తేల్చండి కృష్ణారావుగారూ. లేదంటే మీకు ఏజెన్సీ గాలి పడుతుందేమో చూద్దాం,” అన్నారు మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా.

గృహప్రవేశం చేసి నెల తిరగని కృష్ణారావు మర్నాడే ఆటోనగర్‌లో తేలాడు. అర్థం చెప్పడానికి షెడ్లన్నీ పోటీపడ్డాయి. అరిగిన బేరింగు మార్చకుండా గ్రీజు దట్టిస్తే అరుపు ఆగుతుంది. గుడివాడ చేరేలోపు లారీ కూడా ఆగుతుంది. పని చెయ్యకుండా కళ్లనీళ్లు పెట్టుకోవడమూ అంతేనట. మొదట అన్నదెవరంటే అందరూ లారీ మెకానిక్కు బసవపున్నయ్యని చూపించారు. ఆయన అవార్డేమో అనుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చి, తనేనని ఒప్పుకుని టీ తాగించాడు.

టీ పోసినవాణ్ణి జైలుకెలా పంపడం? పంపితే ఆటోనగర్ బందు. పంపకపోతే తనకి ఏజెన్సీకి బదిలీ. కృష్ణారావు బుర్ర గోక్కుని, రిపోర్టులో ఆ పేరుకి ముందు ‘స్వర్గీయ’ అని చేర్చాడు.

మంత్రిగారు చదివి లేచి నిలబడ్డారు. “పోయారా? ముందే చెప్పరేమండీ. నన్ను వెక్కిరించినవాడి కోసం నేనే ఏడిస్తే ఎలా ఉంటుందో ఆలోచించారా? సంతాపసభ పెట్టండి.”

పెట్టారు. ఫొటో దొరక్క, ఆఫీసు గోడ మీదున్న ఎవరో పెద్దమనిషి పటానికి దండేశారు. ఆయనా తనూ ఒకే కుండలో గంజి తాగామని మంత్రిగారు వెక్కివెక్కి చెబుతుండగా కృష్ణారావు జనంలోకి చూసి కొయ్యబారిపోయాడు. మూడో వరసలో బసవపున్నయ్య, అదే ఇస్త్రీ చొక్కాలో. కార్యకర్తలు జనం చాలక ఆటోనగర్ నుంచి లారీలో తోలుకొచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు. షెడ్లవాళ్లెవరూ నోరు మెదపలేదు. బిర్యానీ పొట్లాలు సభ అయ్యాకే ఇస్తారు మరి.

సభ ముగియగానే బసవపున్నయ్య నేరుగా మెట్ల దగ్గరికొచ్చాడు. కృష్ణారావు అడ్డం పడ్డాడు కానీ ఆయన ఆగలేదు.

“అయ్యా, బసవపున్నయ్యనంటే నేనేనండీ.”

కెమెరాలు తిరిగాయి. మంత్రిగారు ఆయన రెండు చేతులూ పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో, “మీరు లేని లోటు తీరదండీ,” అన్నారు.

ఆ ఒక్క మాటకి బసవపున్నయ్య కరిగిపోయాడు. చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుని, “పెద్దకర్మకి కూడా తమరే రావాలండీ,” అన్నాడు.

తప్పకుండా వస్తానని మాటిచ్చి, ఆ కార్యక్రమం జరిగేవరకు కృష్ణారావుని బెజవాడ నుంచి కదపొద్దని మంత్రిగారు అక్కడికక్కడే ఆర్డరేశారు.

కృష్ణారావు ఇప్పుడు రోజూ ఆఫీసుకి పోతూ ఆటోనగర్‌లో ఆగి, బసవపున్నయ్య చేత బీపీ మాత్ర వేయించి మరీ పోతున్నాడు.