పటేల్ గారి సముద్రం ఎందాక వచ్చింది?

వేసవిలో ఇల్లు కదలకుండా హాయిగా ఉండాలనుకుంటున్నారా? అయితే వెంటనే ఒక హాలిడే క్లబ్‌లో సభ్యత్వం తీసుకోండి! ఇప్పటికే ఉందా? దాన్ని అన్నిటికన్నా పై మెట్టు ఎలైట్‌కు పెంచుకోండి. ఖర్చు చూసి వెనకాడకండి. ప్రయాణాలు తప్పించుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు ఈ భూమి మీద లేదు.

సభ్యత్వం లేనివాళ్ల అవస్థలు చూస్తూనే ఉన్నాం కదా! పాపం, వాళ్లకు ఏదైనా ఊరు చూడాలనిపిస్తే టికెట్టు కొనుక్కుని వెళ్లిపోవడమే. ఎండలో తిరగాలి. తెలియని నీళ్లు తాగాలి. ఫొటో తీసిన ప్రతిసారీ నవ్వాలి. తిరిగొచ్చాక మూటెడు బట్టలు ఉతకాలి. సభ్యులకు ఈ బాధలేవీ లేవు. వాళ్ల సూట్‌కేసు కొన్ననాటి మెరుపుతో అటక మీద అలాగే ఉంటుంది. సముద్రంలో మునిగిపోయిన ఎలైట్ సభ్యుడి గురించి మీరెప్పుడైనా విన్నారా? వినరు. అక్కడిదాకా వెళ్తే కదా!

నా మాట మీద గురి కుదరకపోతే మా పక్కింటి జగన్‌మోహన్ పటేల్ సంగతి వినండి.

జహీరాబాద్‌లో మా ఇళ్ల ముందు నుంచే బొంబాయి హైవే పోతుంది. పటేల్ అల్లం, ఆలుగడ్డ పండిస్తాడు. ఆయన అల్లం బస్తాలు సాయంత్రం లారీ ఎక్కితే తెల్లారేసరికి బొంబాయి చేరతాయి. ఆయన భార్య మనోరమ పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్కటి అడిగింది: సముద్రం చూడాలని. గొలుసు అడిగినా తెచ్చేవాడు, గేదెను అడిగినా తెచ్చేవాడు. సముద్రాన్ని ఎలా తేవడం?

“మన అల్లం చూసొస్తుంది సముద్రాన్ని. మనమే చూడలే,” అనేది మనోరమ లారీ వెనక ధూళిని చూస్తూ.

పటేల్ చెడ్డవాడు కాదు. అందుకే చిరాగ్‌పల్లి దగ్గర పెట్రోల్ బంకులో ఎవరో హాలిడే క్లబ్బు కూపన్ ఇస్తే శ్రద్ధగా నింపాడు. మూడో రోజే ఫోన్ వచ్చింది. భార్యాభర్తలిద్దరికీ హైదరాబాద్ హోటల్లో ఉచిత భోజనం! అక్కడ ప్రేమ్ కుమార్ అనే మేనేజరు టై కట్టుకుని ఎదురొచ్చాడు. తెర మీద సముద్రం చూపించాడు. పటేల్‌ను “సార్” అన్నాడు. గులాబ్ జామున్ రెండోసారి వడ్డించి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

“జర ఆలోచన చేద్దాం,” అని మనోరమ మోచేత్తో పొడిచింది.

“వాళ్ల ఉప్పు తిన్నం కదనే! మొకం మీద కాదని ఎట్లంటం?” అన్నాడు పటేల్.

అదీ మా దిక్కు మర్యాద. పటేల్ సిల్వర్ సభ్యుడయ్యాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఒక బెలూన్ కూడా పగిలింది.

ఆ రోజు నుంచి క్లబ్బుకు ఫోన్ చేయడం మనోరమ పని. ఆ ఫోన్ ఎంత అందమైనదో చెప్పాలి. “మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి” అని ఒక తియ్యని గొంతు చెబుతుంది. ఆ తరువాత అలల చప్పుడు! ఒకటి వచ్చి విరుగుతుంది, ఇంకొకటి వస్తుంది. మనోరమ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, పక్కన కూర్చుని అల్లానికి అంటిన మన్ను దులిపేది. ఒక బస్తా అయ్యేది. ఇంకో బస్తా అయ్యేది. సముద్రం ఆగేది కాదు. చివరికి ఎవరో లైన్లోకి వచ్చి, “సీజన్లో సముద్రం దగ్గర గదులు లేవు, మేడం” అని పెట్టేసేవారు.

చూశారా సౌకర్యం? డబ్బు కట్టి సముద్రం దాకా పోయినవాళ్లు ఒక్క పూట వింటారు. ఈమె ఇంట్లో కూర్చుని ఏళ్ల తరబడి వింది.

సిల్వర్ వాళ్లకు గదులు దొరకవని తేలాక పటేల్ గోల్డ్ అయ్యాడు. మళ్లీ భోజనం, మళ్లీ ఉప్పు, మళ్లీ చప్పట్లు. తరువాత ప్లాటినం. ఆపైన డైమండ్. మెట్టు పెరిగితే ఏం లాభమని అడిగేవాళ్లకు నేను సూటిగా జవాబు చెబుతాను. గది లేదని చెప్పే పద్ధతిలో ఎంతో తేడా ఉంది! సిల్వర్‌కు ఊరికే లేదంటారు. గోల్డ్‌కు “సారీ సార్” అని లేదంటారు. ప్లాటినంకు మేనేజరే స్వయంగా లేదంటాడు. డైమండ్‌కు పుట్టినరోజున కేకు పంపించి, దాంతోపాటు లేదంటారు. ఇంత గౌరవంగా కాదనిపించుకునే భాగ్యం మామూలు మనిషికి ఎక్కడిది?

పైగా మెయింటెనెన్స్ ఉంది. మనం పడుకోని మంచం మీద దుప్పటి మార్చినందుకు, మనం తొక్కని నేల తుడిచినందుకు ఏటా డబ్బు కట్టాలి. ఎక్కడో ఒక గది మన పేరు చెప్పుకుని శుభ్రంగా ఉంటోందన్న తృప్తికి వెల కట్టగలమా?

అసలు ఎప్పుడూ గది ఇవ్వలేదంటే అన్యాయం. గోల్డ్‌లో ఉండగా ఒకసారి ఇచ్చారు. సముద్రానికి బదులు “అచ్చమైన పల్లె అనుభవం” అన్నారు. తీరా చూస్తే అది మొగుడంపల్లి అవతల. ఇంటి నుంచి స్కూటర్ మీద పోయేంత దూరం! కిటికీ తెరిస్తే పటేల్ బావమరిది శనగ చేను. పొద్దున జొన్నరొట్టె పెట్టి దాని గురించి ఇంగ్లీషులో చెప్పారు. తరువాత ఎడ్లబండి ఎక్కించారు. బండి తోలుతున్న చెన్నబసప్ప ఒకప్పుడు పటేల్ పొలంలోనే పనిచేసినవాడు. వెనక్కి తిరిగి చూసి గుర్తుపట్టాడు.

“అయ్యో పటేలా, మీరా? గీ బండెక్కనీకి పైసలు కట్టిన్రా?”

“జర మెల్లగ మాట్లాడు, చెన్నబసప్పా.”

“పైసలెందుకు కట్టిన్రు? ఒక మాట చెప్తే ఇంటికే తోలుకొద్దును కదా!”

ఆ సంగతి హైవే మీద లారీ కన్నా వేగంగా పాకింది. మా ఎదుట బోరు మోటార్లు బాగుచేసే షరీఫ్ భాయ్‌కి అప్పటి నుంచి ఒకటే ఆట. పటేల్ బయటికి రాగానే స్పానర్ పట్టుకునే అరిచేవాడు.

“క్యా పటేల్ సాబ్, సముద్రం ఎందాక వచ్చింది?”

“వస్తది, షరీఫ్ భాయ్. డైమండ్ అయిన కదా.”

“నీకు మోటార్ కావాల్నా చెప్పు. గుంజుకొస్త!”

వీధంతా నవ్వేది. మనోరమ కూడా నవ్వేది. కానీ ఈ ఏడు ఆమె నవ్వు తగ్గింది. మోకాళ్లు అరిగిపోయాయి. దవాఖానలో డాక్టరు చూసి, వచ్చే చలికాలానికి ఆపరేషన్ చేయక తప్పదన్నాడు. ఆపరేషన్ అయ్యాక ఇసుకలో నడవొచ్చా అని ఆమె అడిగింది. ఇసుకలో ఏం పనమ్మా అన్నాడాయన. అంటే మిగిలింది ఈ ఒక్క ఎండాకాలం.

సరిగ్గా అప్పుడే క్లబ్బువాళ్లు ఎలైట్ ప్రకటించారు. హైదరాబాద్ రమ్మని, భోజనానికి పిలిచారు. మనోరమ బాగా ఆలోచించింది. ఈయన సంతకాలన్నీ వాళ్ల ఉప్పు చేయించినవే కదా. ఈసారి వాళ్లకే మన ఉప్పు పెడితే? తిన్న ఇంట్లో అబద్ధం ఆడగలరా? ప్రేమ్ కుమార్‌కు ఆమే ఫోన్ చేసి, “ఈపారి మీరే రావాలె, బిడ్డా” అంది.

వాళ్లు వచ్చారు. ప్రేమ్ కుమార్ వెంట నందిని అనే కొత్త అమ్మాయి కూడా వచ్చింది. సదాశివపేట పిల్ల. ఎదురింటి నుంచి షరీఫ్ భార్య ఖుద్సియా పెద్ద గిన్నె అరువిచ్చింది. కోడికూర, జొన్నరొట్టెలు, పుంటికూర, ఆఖరున తీపికి మలీద ముద్దలు. టై వదులు చేసుకునేదాకా ప్రేమ్ కుమార్ తిన్నాడు.

“కడుపు నిండిందా, బిడ్డా?” అని అడిగింది మనోరమ.

“నిండిందమ్మా. ఇట్లాంటి భోజనం మా రిసార్టుల్లో కూడా ఉండదు.”

“మా ఇంట్ల ఉప్పు తిన్నవ్. ఇగ అబద్ధం ఆడొద్దు. ఎలైట్ తీసుకుంటే ఈ ఎండాకాలం సముద్రం కాడ రూము ఇస్తరా?”

ప్రేమ్ కుమార్ నీళ్లు తాగాడు. “ఎలైట్ వాళ్లకే అందరికన్నా ముందు ఇస్తామమ్మా.”

“డైమండ్ అప్పుడు గూడ గదే అంటివి.”

“అప్పుడు డైమండే పైదమ్మా. ఇప్పుడు దాని మీద ఎలైట్ వచ్చింది.”

“మరి ఆ డైమండోళ్లంత ఏమైన్రు?”

“అందరు ఎలైట్ల చేరిన్రు, పెద్దమ్మా,” అంది నందిని.

ప్రేమ్ కుమార్ ఆమె వైపు చూసిన చూపుకు మలీద ముద్ద ఆ పిల్ల గొంతులోనే ఆగింది. మనోరమ నీళ్లు అందించి, వీపు నిమిరింది.

“అంటే బస్సు గదే, సీట్లు గవే, లైన్ల నిలబడ్డోళ్లు గాళ్లే. ముంగట బోర్డు మార్చిన్రు. గంతేనా, బిడ్డా?”

“ఈ ఎండాకాలం దొరకదు, పెద్దమ్మా. అన్నం పెట్టినవ్, నీకెట్ల అబద్ధం చెప్త? నేను గూడ సముద్రం చూడలే.”

ఇక చెప్పడానికేముంది! కోర్టులో గెలిచిన మనిషిలా మనోరమ మొగుడి వైపు చూసింది. పటేల్ తల దించుకున్నాడు. ఇంటికొచ్చిన ఆడపిల్లను బొట్టు పెట్టకుండా పంపకూడదని, కుంకుమ, రవికె గుడ్డ తేవడానికి ఆమె లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పటేల్ పెన్ను మూత పెడుతున్నాడు.

“ఏం చేసినవయ్యా!”

“ఇంటికొచ్చిన్రు, ఇంత అన్నం తిన్నరు. ఒట్టి చేతులతోని ఎట్ల పంపుతమే?”

ప్రేమ్ కుమార్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. నందిని కొట్టలేదు.

విన్నారా? వాళ్ల ఉప్పు మనం తింటే సంతకం. మన ఉప్పు వాళ్లు తిన్నా సంతకమే! ఇంత మర్యాద పండే నేల మీద ఎలైట్ కాక ఇంకేం మొలుస్తుంది?

పటేల్‌ను తెలివితక్కువవాడు అనకండి. మార్కెట్‌యార్డులో ఏజెంటు ఆయన్ని “ఏయ్, ఆలుగడ్డ!” అని పిలుస్తాడు. క్లబ్బు ఒక్కటే “సార్” అంటుంది. ఎలైట్ అయితే “సార్, గుడ్ మార్నింగ్” అంటుంది. మనోరమకు సముద్రం ఎంతో, ఆయనకు ఆ మాట అంత. ఇద్దరిలో ఒకరి కోరిక మాత్రం ఫోన్‌లోనే తీరిపోతోంది.

ఆ సాయంత్రం గిన్నె తీసుకుపోవడానికి ఖుద్సియా వచ్చింది.

“ఏమైంది మనోరమ్మా, సముద్రం ఏమన్నది?”

“ఎలైట్ అయిందట.”

ఖుద్సియా గిన్నె కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసింది. “మా చెల్లె నాజ్నీన్ బొంబైల ఉన్నది. శుక్రవారం బస్సెక్కుతున్న. వస్తవా? కార్డు లేదు గీర్డు లేదు. కిటికీ సీటు మాత్రం నాది!”

మనోరమ ఇంట్లోకి వెళ్లి చెప్పింది. అప్పుడు పటేల్ ఎలైట్ కార్డుకు ఫ్రేము కట్టించి, గోడకు మేకు కొడుతున్నాడు.

“ఖుద్సియాతోని బొంబాయి పోతున్న.”

“ఊ,” అన్నాడు. ఒక దెబ్బ వేసి, “ఫోన్ దగ్గర పెట్టుకో. ఎలైటోళ్లకు లైను వేరే ఉన్నదట. చేస్తుండాలె,” అన్నాడు. ఆ కొత్త లైన్లో అలలతోపాటు పక్షుల అరుపులు కూడా వినిపిస్తాయి. చూశారా, పెట్టిన ఖర్చు ఊరికే పోలేదు!

బస్సు మా ఇంటి ముందే ఆగింది. అల్లం పోయే దారినే పోయింది. ఆ మరుసటి సాయంత్రం ఖుద్సియా భుజం పట్టుకుని మనోరమ ఇసుకలోకి దిగింది. అడుగు తీసి అడుగు వేయడానికి మోకాళ్లు ఎంత తిట్టాలో అంతా తిట్టాయి. తడి ఇసుక దాకా వెళ్లి కూలబడింది. అప్పుడే ఫోన్ మోగింది.

“ఏమే, ఏం చేస్తున్నవ్?”

ఆమె జవాబు చెప్పేలోపే ఒక అల వచ్చి విరిగింది. పైన పక్షులు అరిచాయి. పటేల్ గొంతులో సంతోషం పొంగింది.

“ఓ, ఎలైట్ లైన్ల ఉన్నవా? ఖుద్సియా ఫోన్లకెల్లి చేస్తున్నవా? పెట్టెయ్యకు, పెట్టెయ్యకు! ఎంత మంచిగ వినొస్తుంది! ఏమంటున్నరు?”

ఇంకో అల వచ్చి చీర కుచ్చిళ్లు తడిపింది.

“రమ్మంటున్నరు,” అంది మనోరమ.

“దొరికిందా! ఎవరెవరు పోవచ్చట?”

“ఎవరైన రావొచ్చట.”

పటేల్ గాబరాగా అడిగాడు.

“సిల్వరోళ్లు గూడనా?”

కాబట్టి, అక్కలారా, చెల్లెళ్లారా, ఎలైట్ ఆ ఖర్చుకు తగినదే. మీ ఆయన్ని తప్పకుండా తీసుకోనివ్వండి. కార్డు మాత్రం ఆయన పేరు మీదే ఉండాలి. అంత విలువైన వస్తువును కాపలా కాయడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా! బొంబాయి బస్సు ప్రతి శుక్రవారం మా ఇళ్ల ముందే ఆగుతుంది. కిటికీ సీటు సంగతి మాత్రం ఖుద్సియాతో తేల్చుకోండి.