ఇప్పపూల పాకం

మట్టల ఆదివారానికి ముందురోజు పొద్దున ఉదయ్ భాస్కర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇప్పపూలు ఉడకబెట్టి చిక్కటి పాకం తీయాలి, అందులో తుమ్మబంక కలపాలి, సాయంత్రానికల్లా చర్చి గోడ మీది బొమ్మకు ఒక పూత పూయాలి.

ఆయన బొగ్గుగనుల ఊళ్ళో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. ప్రభువు నిరాడంబరంగా బతికాడు కాబట్టి తానూ అలాగే బతకాలని, దమ్మపేట దాటాక అడవి అంచున ఒక గూడెంలో మట్టిగోడలు లేపి, తాటాకు కప్పించి, భార్య సునందను తీసుకొచ్చాడు. ఫ్యాను వద్దన్నాడు. గ్యాసు వద్దన్నాడు. సునంద అభిప్రాయం ఎవరూ అడగకపోయినా ఆమె రోజూ చెబుతూనే ఉంది.

"ప్రభువు పశువుల తొట్టిల పండుకున్నది పసిపిల్లగాడప్పుడే కద? పెద్దగైనంక గూడ అండ్లనే ఉన్నడా?"

గూడెంలో కొత్తగా కట్టిన చర్చికి ఆదివారం ప్రతిష్ఠ. ఖమ్మం నుంచి పెద్ద అయ్యగారు వస్తున్నారు. వేదిక వెనక ఫ్లెక్సీ కడదామన్న పాస్టరు హరిప్రసాద్‌ను బతిమాలి ఉదయ్ భాస్కర్ ఆ గోడను దక్కించుకున్నాడు. ఎర్రమట్టి, సున్నం, బొగ్గుపొడి, ఆకుపసరుతో చలికాలమంతా బొమ్మ వేశాడు. వాగొడ్డున మేకలు కాస్తున్న యేసు, చుట్టూ గూడెం మనుషులు. ఎవరి సిలబసూ లేకుండా ఆయన వేసిన మొదటి బొమ్మ అది. కాకపోతే వేలు తగిలితే చాలు, రంగు రాలిపోతోంది. అందుకే ఈ పాకం.

ఒకప్పుడు ఇప్పసారా కాచిన పెద్ద కుండ పక్కింటి పగిడయ్య ఇచ్చాడు. బాప్తిస్మం తీసుకున్నాక పగిడయ్య తాగడం మానేశాడు. తాగుడు గురించి ఆలోచించడం మాత్రం మానలేకపోయాడు.

"ఏంది సారూ, ఇప్పపువ్వు ఉడకబెడుతున్నవ్? ఎవరికి?"

"ప్రభువుకే పగిడయ్యా. రేపు పండుగ కద."

"పాస్టరు అయ్యగారికి ఎరుకేనా?"

"ఇప్పుడే చెప్పకు. రేపు చూసినంక ఆయనే ఖుషీ అయితడు."

ఇంత దయగల ప్రభువును ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నానని పగిడయ్య కళ్ళు చెమర్చాయి. అయ్యగారికి చెప్పొద్దన్నారు కాబట్టి ఆయనకు తప్ప గూడెమంతా చెప్పాడు.

మధ్యాహ్నానికి ఇంటి ముందు మగవాళ్ళు చెంబులతో బారు కట్టి కూర్చున్నారు. ఒకడు గుగ్గిళ్ళు కూడా తెచ్చుకున్నాడు. మర్యాదగా ఎదురుచూస్తున్నారు. ఇది బొమ్మకు పూసేదని ఉదయ్ భాస్కర్ ఎంత చెప్పినా, "అవ్ సారూ, అందరం గట్లనే చెప్తం," అని కన్నుకొట్టారు.

అప్పుడే హరిప్రసాద్ బండి వచ్చి ఆగింది. ఆయన పొయ్యిని, కుండను, చెంబుల వరసను చూశాడు. వాసన పీల్చాడు.

"మాస్టారూ, రేపు పెద్ద అయ్యగారు వస్తుంటే ఇదా మీరు చేసేది?"

"తాగేది కాదు అయ్యగారూ, గోడకు పూసేది."

"సారాను గోడకు పూస్తారా?" హరిప్రసాద్ సునంద వైపు తిరిగాడు. "అమ్మా, మీరు దేవుడి బిడ్డ. నిజం చెప్పండి. ఈయన తాగుతాడా?"

సునంద ఒక్క మాట అంటే అంతా సర్దుకునేది. కానీ ఆమె అప్పటికి పొద్దుటి నుంచీ ఆ పొయ్యి ఊది ఊది ఉంది.

"తాగినా బాగుండు అయ్యగారూ. తాగినోనికి తెల్లారేసరికన్న దిగుతది."

బారంతా పగలబడి నవ్వింది. హరిప్రసాద్ నవ్వలేదు. బండెక్కుతూనే సత్తుపల్లిలో ఫ్లెక్సీలు కొట్టేవాడికి ఫోన్ చేశాడు.

ఉదయ్ భాస్కర్ కుండ మోసుకుని చర్చికి వెళ్ళాడు. సాయంత్రం దాకా గోడంతా పూశాడు. పూత ఆరాక వేలితో రుద్ది చూశాడు. రంగు రాలలేదు. ఒంటరిగా నిలబడి కాసేపు ఏడ్చాడు.

చర్చికి ఇంకా తలుపులు పెట్టలేదు. తియ్యటి వాసన గాలికి గూడెమంతా పాకింది. అది సారా కాదు, పాకమేనంటే మనుషులు నమ్మలేదు గానీ మేకలు నమ్మాయి.

ఆదివారం పొద్దున సునంద పండుగకు ఈత మట్టలు తీసుకుని భర్తకంటే ముందే వెళ్ళింది. అందిన మేరకు మేకలు గోడను నాకేశాయి. మంద లేదు, వాగు లేదు. నడుము పైన మాత్రమే మిగిలిన యేసు మీద చీమలు నల్లగా పాకుతున్నాయి. ఆయన పక్కన, నీళ్ళ కడవ ఎత్తుకున్న ఆడమనిషి మెడ పైన మాత్రమే మిగిలింది. సునంద దగ్గరికి వెళ్ళి చూసింది. అది తన మొహమే. బొగ్గుగనుల ఊళ్ళో కొత్తగా కాపురం పెట్టినప్పటిది.

వెనక ఉదయ్ భాస్కర్ వచ్చి నిలబడ్డాడు.

"నన్ను గీసినట్టు ఎన్నడన్న చెప్పినవా?" అంది ఆమె.

"ఒక్కసారన్న వచ్చి చూస్తవనుకున్న."

ఆమె కొంగుతో చీమలు దులపబోయింది. ఇంతలో హరిప్రసాద్ మనుషులు నిచ్చెన తెచ్చి, "జరుగు అక్కా," అంటూ ఆ మొహం మీదుగా ఫ్లెక్సీ పరిచి మేకులు కొట్టేశారు. అందులో ఎవరూ చూడని మంచుకొండలు, ఎవరూ పెంచని తెల్ల గొర్రెలు, నున్నగా దువ్వుకున్న గడ్డంతో కాపరి.

పెద్ద అయ్యగారు రాగానే దాని ముందు ఆగిపోయారు. "ఈ అడవిలో ఇంత చక్కటి బొమ్మా! తయారుచేసింది ఎవరు?"

హరిప్రసాద్ తడబడ్డాడు. సత్తుపల్లి అనలేకపోయాడు. "మా సంఘంలో డ్రాయింగ్ మాస్టారు ఉన్నారండీ," అన్నాడు.

శాలువా వచ్చింది. చప్పట్లు మోగాయి. పగిడయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. నిజం చెప్పడానికి ఉదయ్ భాస్కర్ నోరు తెరిచాడు. సునంద అతని మోచెయ్యి పట్టుకుంది.

"కప్పుకో. నీ బొమ్మకెట్లయినా శాలువ ఎవ్వరు కప్పరు."

ఆయన ఒకసారి ఫ్లెక్సీ వైపు చూసి, తల వంచి కప్పుకున్నాడు. వంచిన తల ప్రార్థన అయ్యేదాకా ఎత్తలేదు. ఎంత వినయమో అని పెద్ద అయ్యగారు ప్రసంగంలో రెండోసారి మెచ్చుకున్నారు.

ఆ వారంలోనే చుట్టుపక్కల చర్చిల నుంచి ఉదయ్ భాస్కర్‌కు ఫోన్లు మొదలయ్యాయి. అందరూ గోడ కొలతలు చెప్పి, అలాంటి బొమ్మే మడతలు పడకుండా చుట్టి బస్సులో పంపగలరా అని అడిగారు.