కానుగదిన్నె దాహం ట్యాంకు

కానుగదిన్నె పురపాలక సంఘం నీళ్ళు నిల్వచేయడం మాని, జనం దాహాన్ని నిల్వచేయడం మొదలుపెట్టాక ఊరు బాగా తేరుకుంది. నీటి ఎద్దడికి కారణాలు రెండు: నీళ్ళు లేకపోవడం, జనానికి దాహం వేయడం. మొదటిది మన చేతిలో లేదు కాబట్టి రెండోదాని సంగతి చూద్దామని కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏటా ఇసుక ఒక వీధి ముందుకొస్తుంటే, ఊరు దానికి ఎదురెళ్ళి కొత్త లేఅవుట్లు వేస్తోంది. ప్లాట్లకు గిరాకీ ఏమాత్రం తగ్గలేదు.

పద్ధతి సులువైనదే. పొద్దున్నే ఇంటిల్లిపాదీ వరసగా వచ్చి కొళాయికి నోరు ఆనించి గట్టిగా ఊదుతారు. దాహం గొట్టంలోకి దిగుతుంది. మోటారు దాన్ని బస్టాండు వెనకున్న ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కిస్తుంది. ఇక మర్నాటిదాకా ఎవరికీ నీళ్ళ ధ్యాస ఉండదు. పెదవులు పగిలితే రాసుకోవడానికి వార్డు ఆఫీసులో మలాము ఉచితం. ట్యాంకు మీద వాలిన కాకులు మాత్రం ఒక్క క్షణం కూర్చుని, కావుమనైనా అనకుండా తుంగభద్ర వైపు ఎగిరిపోయేవి. కాకుల కోసం కౌన్సిల్ ఏ ఏర్పాటూ చేయలేదు.

ఈ పథకాన్ని దగ్గరుండి నడిపించినవాడు అసిస్టెంట్ ఇంజనీరు తిప్పేస్వామి. మంచివాడు, పైవాళ్ళ మాట జవదాటడు. ఆయనకున్న చిక్కల్లా ఇంట్లోనే. ఊరు మొత్తం మీద దాహం ఇవ్వనన్న మనిషి ఆయన భార్య వన్నూరమ్మ ఒక్కతే.

"నా దాహం నా పుట్టింటి నుంచి తెచ్చుకున్నా. నీ ట్యాంకులో వేస్తే నాది నాకే తిరిగొస్తాదని రాసిస్తావా?" అని అడిగింది.

ఆయన రాసివ్వలేకపోయాడు. ట్యాంకులో అందరిదీ కలిసిపోతుంది మరి. రేపు వెనక్కిమ్మంటే ఈవిడకు తాలూకాఫీసు గుమాస్తా దాహం వచ్చినా రావచ్చు.

వన్నూరమ్మ రోజూ ఊరవతల ఎండిపోయిన వంకకు వెళ్ళేది. ఇసుక తోడి చలమ చేసుకుంది. అందులో ఊరిన నీళ్ళు చిన్నగా చెంబుతో ముంచి, బిందె నింపి, చంకన పెట్టుకుని వచ్చేది. మధ్యాహ్నం పనంతా అయ్యాక చెంబు ఎత్తి గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని "హమ్మయ్య!" అనేది. కానుగదిన్నెలో ఆ మాట మిగిలింది ఆ ఒక్క ఇంట్లోనే. భోజనం వంకతో తిప్పేస్వామి సరిగ్గా ఆ వేళకే ఇల్లు చేరేవాడు. అది వింటే ఆయన గొంతులో ఏదో కదిలేది. ఏమిటన్నది గుర్తొచ్చేది కాదు కానీ, ప్రాణం మాత్రం హాయిగా ఉండేది.

అంతా బాగున్నప్పుడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పెరుగుతున్న ఎడారి పట్టణాలన్నీ అత్యవసరానికి ఒక స్టాండ్‌బై నీటి వనరు చూపించాలి. చూపించకపోతే ట్యాంకు ఖాళీ చేయాలి. ఖాళీ చేయడమంటే దాచిన దాహమంతా ఒక్క పూటలో ఊరి మీద పడటమే. కౌన్సిల్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. ముందు ఎండమావిని చూపిద్దామనుకున్నారు. కానీ సర్వేయరు గొలుసు పట్టుకుని వెళ్ళినప్పుడల్లా అది పక్క పంచాయతీలోకి జరిగిపోతోంది.

చైర్మన్ సుంకన్నకు చప్పున ఒకటి తట్టింది. "ఏఈ సారూ, మీ ఇంట్లో అక్క యాడనుంచో నీళ్ళు తెస్తాందంట గదా?"

తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ పైవాళ్ళు అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం తిప్పేస్వామికి చేతకాదు. "వంకలో చలమ ఉంది సార్" అన్నాడు.

పని చకచకా అయిపోయింది. చలమ చుట్టూ కంచె, మీద సిమెంటు మూత, పక్కన పసుపు బోర్డు, ఒక కాపలాదారు. ప్రారంభోత్సవంలో వనరును కనిపెట్టినందుకు వన్నూరమ్మకు శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున ఆవిడ ఎప్పటిలాగే బిందె తీసుకుని వెళ్ళింది.

"ఇవి స్టాండ్‌బై నీళ్ళక్కా. అత్యవసరమైతేనే మూత తీసేది" అన్నాడు కాపలాదారు ఎంతో మర్యాదగా.

"నాకు దాహమైతాంది. ఇంతకంటే అత్యవసరం ఇంకేముంటాది?"

"ఒక్కరికైతే లెక్కలోకి రాదక్కా. ఊరంతటికీ కావల్ల."

ఆవిడ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. "నువ్వు పెట్టించిన మూతే గదా, తీపిచ్చు" అంది మొగుడితో.

"దానికి తీర్మానం కావల్ల, వన్నూరూ. కౌన్సిల్ కూచోవల్ల." ఆయన కొళాయి వైపు చూశాడు. "అంతవరకూ... కొళాయి ఉంది గదా."

మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. ఎండ ముదిరింది, నాలుక పిడచకట్టింది. మొగుణ్ణి తిట్టలేదు. నాలుగు తిడితే బాగుండునని ఆయన అనుకున్నాడు. ఆవిడ లేచి వెళ్ళి, కొళాయికి నోరు ఆనించి ఊదింది. ఏళ్ళ తరబడి ఎవరికీ ఇవ్వని దాహం. గొట్టాలు వీధి చివరిదాకా గడగడలాడాయి.

"ఎట్లుంది?" అన్నాడు తిప్పేస్వామి.

"బానే ఉంది. ఏమీ లేదు" అంది. కానుగదిన్నెలో అందరూ చెప్పేది అదే.

కానుగదిన్నెకు దాహం లేని పట్టణంగా బహుమతి వచ్చింది. తిప్పేస్వామి ఇప్పటికీ అదే వేళకు ఇంటికొస్తాడు. ఇద్దరూ భోంచేసి, పెదవులకు మలాము రాసుకుని కాసేపు కూర్చుంటారు. అక్కడ వంకలో కాపలాదారు మూత మీద ఇసుక ఊడుస్తుంటాడు. కింద నీళ్ళున్నాయో లేవో చూడాలంటే మూత తీయాలి. మూత తీయాలంటే అత్యవసరం రావాలి. దాహమే లేని ఊరికి ఇక అత్యవసరం ఎక్కడిది? అందుకని రికార్డుల ప్రకారం చలమ నిండుగా ఉంది.