ఒంట్లో నీటి నిల్వ పథకం

ఉత్తర పినాకిని ఏటి ఇసుక పక్కనున్న ఆ ఊళ్ళో, వరుసగా మూడో ఏడూ వాన ఎగ్గొట్టిన కాలంలో, కరువు నివారణ జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. బోర్లు ఎండినవి ఎండినట్టే ఉన్నాయి. వేరుశనగ మాడింది మాడినట్టే ఉంది. కరువు మాత్రం పోయింది. ఈ ఘనత మండల పంచాయతీ పెద్ద, ప్రధాన జయరామప్పగారిది.

ప్రధానగారి చేలో కూలికి పోయే కాటప్పకు రక్తపోటు ఉందని తేలినప్పుడు, డాక్టరు నలుగురి ముందూ వివరించాడు. ఉప్పు మితిమీరితే మూత్రపిండాలు దాన్నంతా వెంటనే బయటికి పంపలేవు. మిగిలిన ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. దాంతో రక్తం ఒత్తిడి పెరుగుతుంది; ఆ ఒత్తిడితోనే మూత్రపిండాలు ఉప్పును తోసి పారేస్తాయి. ఏళ్ళ తరబడి ఇదే సాగితే మెదడులో నరం చిట్లి మనిషి పడిపోతాడు. కాబట్టి ఉప్పు తగ్గించమన్నాడు.

ఇంత ఉపన్యాసంలో జయరామప్పగారు తనకు పనికొచ్చే ముక్క ఒక్కటే ఏరుకున్నారు. ఆ సాయంత్రమే సభ పెట్టారు.

“అప్పా, మన నేలలో నీళ్ళు నిలబడవు. ఏట్లో నిలబడవు. ఒంట్లో నిలబడతాయంటే వద్దంటామా? ఉప్పు తినండి, నీళ్ళు మిగిలించండి! మూత్రపిండాలకు కష్టమంట! పని చెప్పకపోతే ఎద్దయినా పడకేస్తాది కదప్పా!”

మర్నాటినుంచి కూలీల సంగటిలో పిడికెడు ఉప్పు ఎక్కువ పడింది. చేనికి వచ్చే రెండు కడవల నీళ్ళు ఒకటయ్యాయి. మిగిలిన ట్యాంకరు నీళ్ళు వృథా కాకుండా ప్రధానగారి మల్బరీ తోట తాగిపెట్టింది.

“నాలిక పిడచకట్టుకపోతా ఉండాది సామీ” అన్నాడు కాటప్ప.

“లోపల నీళ్ళు పెట్టుకొని బయట అడుగుతావేందిరా?” అన్నారు ప్రధానగారు. న్యాయమైన మాటే.

డాక్టరు మొత్తుకున్నాడు. నీటి విలువ తెలియనివాడని తేల్చి, వానలు తెగ కురిసే మలెనాడుకు బదిలీ చేశారు. కాటప్ప భార్య తిప్పమ్మ ఇంట్లో చప్పిడి కూడు వండితే, పథకానికి అడ్డుపడుతోందని ఊరు తిట్టింది.

“నువ్వు బతికుంటే సాలు, ఆ ఉప్పు తినొద్దయ్యా” అని ఆమె ఏడ్చింది.

“పెద్దోళ్ళ మాట కాదంటే రేపు కూలికి ఎవురు పిలుస్తారే?” అన్నాడు కాటప్ప.

తనిఖీకి అధికారులు వచ్చారు. కూలీల పాదాలు బొటనవేలితో నొక్కి చూశారు. సొట్ట ఎంతసేపు నిలిస్తే నీటిమట్టం అంత బాగున్నట్టు. కాటప్ప పాదం మీద సొట్ట ఫోటో దిగేదాకా నిలిచింది. ఆయన్ను ఆదర్శ జలవనరుగా ప్రకటించి సన్మానం ఏర్పాటు చేశారు.

శాలువా కప్పుతుండగా కాటప్ప మూతి వంకరపోయింది. ఎడమ చెయ్యి వేలాడింది. వేదిక మీదే కూలిపోయాడు.

“నీళ్ళ బరువు! చూడండప్పా, నీళ్ళ బరువు!” అన్నారు ప్రధానగారు గర్వంగా. చప్పట్లు మోగాయి.

తిప్పమ్మ వేదిక ఎక్కింది. “సచ్చిపోతా ఉండాడప్పా! ట్యాంకరు ట్రాక్టరన్నా పిలిపీండి, పావగడ ఆసుపత్రికి తీసకపోదాం!”

“తోటలో ఇంగా రెండు సాళ్ళు ఉండాయమ్మా. తడిసినాక వస్తాదిలే” అన్నారు ప్రధానగారు.

ఆమె జనం వైపు తిరిగింది. “మీరన్నా ఒక మంచం పట్టండప్పా, మోసకపోదాం!”

ఎవరూ కదలలేదు. సభ ముగిశాక తలా ఒక బిందె నీళ్ళు పోస్తారట. ఒంటి నిండా నీళ్ళున్న ఆ జనమంతా ఖాళీ బిందెలతో పొద్దున్నుంచి వరుస కట్టి ఉన్నారు. కాటప్ప పోయేదాకా చప్పట్లు కొట్టారు గానీ, వరుసలో చోటు మాత్రం ఒక్కరూ వదులుకోలేదు.